తొమ్మిదో కేసు చొక్కా

సంచి సర్దడంలో మూటలమ్మకు ఎవరూ సాటిరారు. అడుగున బరువైనవి, మూలల్లో మేజోళ్ళు, మధ్యలో మెత్తటివి, అన్నిటికన్నా పైన దిగగానే చేతికి అందవలసినవి. ప్రతి బట్టకూ మెడ లోపలివైపు తెల్లటి నాడా ముక్క కుట్టి, దాని మీద చెరగని సిరాతో మంచం నంబరు రాసింది. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లల జ్వరాల ఆసుపత్రిలో బట్టల గది చూసుకున్న మనిషి. చేరిన పిల్లల బట్టలు విప్పించి, ఆవిరి పట్టించి, మూటకట్టి, నంబరు వేసి, వెళ్ళేటప్పుడు తల్లి చేతికి అప్పజెప్పడం ఆవిడ ఉద్యోగం. అందుకే ఆ పేరు. అసలు పేరు పింఛను కాగితాల మీద ఉంది, ఇంకెవరికీ గుర్తులేదు.

"ఆరు జతలెందుకమ్మా? తొమ్మిది నెలలూ మంచం మీద పడుకోవడమేగా," అంది కూతురు, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని.

"పడుకున్నవాళ్ళకే ఎక్కువ కావాలి. తిరిగేవాళ్ళు ఒక్క జతతో ఊరంతా చుట్టొస్తారు. నువ్వు ఊరుకో, మాట్లాడితే దగ్గొస్తుంది."

జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదన్నారు. కానీ ఎడమవైపు ఊపిరితిత్తి లోపల్లోపలే పాడైపోతోంది. కొండ మీది ఆసుపత్రిలో ఉంచి, ఆపరేషన్ చేసి, తొమ్మిది నెలలు కదలకుండా పడుకోబెడితే నయమవుతుందన్నారు. అక్కడ మంచం కోసం అయిదు నెలలు ఎదురుచూశాక ఉత్తరం వచ్చింది: ఏప్రిల్ పదో తేదీ సాయంత్రం అయిదు లోపల చేరకపోతే ఆ మంచం వరసలో తర్వాతివాళ్ళది. ఇవాళ ఒకటో తేదీ. రేపు పొద్దున్న బస్సు. అల్లుడు బస్సు కండక్టరు కాబట్టి కిటికీ పక్క సీటు ముందే చెప్పి ఉంచాడు. చిన్నపిల్లల్ని ఆ ఆసుపత్రి గేటు దాటనివ్వరు; రెండున్నరేళ్ళ బుడ్డోడు అమ్మమ్మ దగ్గర ఉంటాడు. వాడికి ఈ ఏర్పాట్లేవీ తెలియవు. సంచిలో చోటు కనబడ్డప్పుడల్లా ఎక్కి కూర్చుంటున్నాడు.

"దిగరా నాయనా. బట్టలైతే మడతపెడతాను గానీ నిన్ను మడతపెట్టడం నావల్ల కాదు," అంది మూటలమ్మ.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని సలహాల నర్సు వచ్చింది.

మునిసిపాలిటీ తరఫున ఇంటింటికీ తిరిగి పిల్లల్ని తూకం వేయడం ఆవిడ పని. తూకం సరిగ్గా ఉన్న ఇంట్లో ఆవిడకు ఏమీ తోచదు. అందుకని చేతిసంచిలో నీలం అట్ట చిన్న పుస్తకాలు పెట్టుకుని, ఏ తల్లిలో ఏ లోపం ఉందో వెతికి మరీ పంచుతుంది. సంచి చూసింది, కుర్చీ లాక్కుంది.

"ప్రయాణమా? ఎవరు? ఎన్నాళ్ళు?"

చెప్పారు.

"తొమ్మిది నెలలే! వాడికి మూడేళ్ళు కూడా నిండలేదు కదమ్మా!"

"అది వెళ్ళేది ఊపిరి పీల్చుకోవడానికి నర్సమ్మా. షికారుకి కాదు," అంది మూటలమ్మ.

"నేనేమన్నా వద్దన్నానా? పరిశోధన చెప్తోంది. వినండి." నర్సు నీలం పుస్తకం తెరిచి, వేలితో గీసుకుంటూ చదివింది. "'అయిదేళ్ళు నిండకుండా, ఆరు నెలలకు మించి తల్లికి దూరమైన పిల్లల్లో ప్రేమించే శక్తి నశిస్తుంది. దొంగతనానికి పాల్పడిన బాలురలో ఇదే ముఖ్య కారణంగా తేలింది.' ఇదిగో, తొమ్మిదో కేసు. 'ఎడమచేతి వాటం. పై పెదవి మీద మచ్చ. రెండున్నరేళ్ళ వయసులో ఏడు నెలలు తల్లికి దూరం. పదమూడో ఏట దొంగతనం. పశ్చాత్తాపం లేదు.' రెండున్నరేళ్ళు! మనవాడి ఈడే."

కూతురు ముఖం పాలిపోయింది. నర్సు వెళ్ళిపోయాక, ఆవిడ ఇచ్చి వెళ్ళిన నీలం పుస్తకంలో ఆ పేజీ మళ్ళీ మళ్ళీ చదివింది. తర్వాత లేచి, సంచిలోంచి ఒక్కొక్క బట్టే తీసి మంచం మీద పెట్టడం మొదలుపెట్టింది. ఖాళీ అయిన సంచిలోకి బుడ్డోడు సంబరంగా ఎక్కాడు.

"ఏంటే ఇది?"

"నేను వెళ్ళనమ్మా."

"నీకు మతి పోయిందా? ఆ ఊపిరితిత్తి నిన్ను అడిగి పాడవుతోందా?"

"నేను పోయినా ఫరవాలేదు, వాడు మంచివాడిగా బతకాలి. నేను బాగుపడి తిరిగొచ్చేసరికి వాడు నన్ను చూసి మొహం తిప్పుకుంటే? దొంగైతే?"

"నిన్ను ఏడాది పిల్లప్పుడు పొరుగింట్లో పడేసి నేను పన్నెండు గంటల డ్యూటీ చేశాను. నువ్వేం దోచావు?"

"చక్కెర డబ్బా," అంది కూతురు. నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వలేదు.

సాయంత్రం అల్లుడు వచ్చి, మంచం మీది బట్టల్నీ అత్తగారి మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. "అత్తయ్యా, బస్సులో రోజుకి వందమందిని దింపేస్తాను, ఒక్కళ్ళూ ఎదురు చెప్పరు. ఇంట్లో ఈ ఒక్క మనిషిని ఎక్కించలేకపోతున్నాను," అన్నాడు. భార్యను బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి ఏడ్చాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

మూటలమ్మ మర్నాడే గ్రంథాలయానికి వెళ్ళింది. ఆవిడ బడి మొహం చూసింది లేదు. మూటల మీద పేర్లు రాయాలి కాబట్టి అక్షరాలు నేర్చుకుంది. తల్లులు మరిచిపోయిన పత్రికలతో చదవడం నేర్చుకుంది. ఆ తర్వాత చేతికందిన పుస్తకమల్లా చదివింది. తెలియని మాట వస్తే పెన్సిలుతో చీటీ మీద రాసుకుని, నిఘంటువు వెతికి, అర్థం పక్కనే రాసుకునేది. నీలం పుస్తకానికి తల్లిలాంటి లావుపాటి పుస్తకం ఒకటుంటుందని ఆవిడకు తెలుసు. ఉంది. నాలుగు వందల పేజీలు, ఆరో ముద్రణ, అట్ట మీద దాన్ని రాసిన ఆచార్యుడి ఫోటో, గడ్డం కింద చెయ్యి. ఆ చెయ్యి లేకపోతే తల నిలబడదేమో అనిపించేలా ఉన్నాడు.

మూడు రోజులు వంటింటి బల్ల దగ్గర కూర్చుని చదివింది. కళ్ళజోడు దారం చెవికి చుట్టుకుని, పెదవులు కదుపుతూ, మధ్య మధ్య "ఛీ" అనుకుంటూ.

దొంగతనం చేసి పట్టుబడ్డ మగపిల్లలు యాభై ఇద్దరు. పోల్చడానికి దొంగలు కానివాళ్ళు యాభై ఇద్దరు. ఈ రెండో జట్టును ఎక్కణ్ణుంచి తెచ్చాడు? తన సొంత క్లినిక్ నుంచి. గోళ్ళు కొరుకుతున్నాడనీ, పక్క తడుపుతున్నాడనీ తల్లులు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన పిల్లలు. వాళ్ళలో తల్లికి దూరమైనవాళ్ళు చాలా తక్కువట! గొడుగు కింద నిలబడ్డవాళ్ళని లెక్కపెట్టి, ఈ ఊళ్ళో ఎవరూ తడవరు అని రాసినట్టుంది. ఏ పిల్లాడికి ప్రేమ లేదో తేల్చినవాడూ ఆయనే. పోలీసు కాగితం ముందు పెట్టుకుని, ఇరవై నిమిషాలు మాట్లాడి తేల్చాడు. 'బాలుడు నవ్వలేదు' అని పదకొండు చోట్ల రాశాడు. పోలీసు స్టేషన్ బల్ల మీద కూర్చోబెట్టి నవ్వమంటే ఈయన మాత్రం నవ్వేవాడా? తండ్రి అనేవాడు నాలుగు వందల పేజీల్లో మూడుసార్లు కనిపించాడు. ఒకసారి తాగి, ఒకసారి చనిపోయి, మూడోసారి పేజీ అడుగున చిన్నక్షరాల్లో. ఇల్లు ఎలాంటిది, తిండి ఉందా, ఇంట్లో ఎన్ని ప్రాణాలు అన్నవి ఎక్కడా లేవు. ఆ యాభై ఇద్దరు పిల్లలూ గాలిలో వేలాడుతూ పెరిగినట్టున్నారు.

ఒక్కచోట మాత్రం మూటలమ్మ ఆగింది. ఆసుపత్రిలో వదిలిన పిల్లలు మొదట మూడు రోజులు ఏడుస్తారనీ, తర్వాత ఊరుకుంటారనీ, తల్లి వచ్చినప్పుడు మొహం తిప్పుకుంటారనీ రాశాడు. అది నిజం. ఆవిడ చూసింది. ఆ రోజుల్లో తల్లుల్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. అద్దానికి అవతల నిలబడి చేతులు ఊపేవాళ్ళు. నాలుగో రోజు వార్డు నిశ్శబ్దమైతే పెద్ద సిస్టరు 'అలవాటు పడ్డారు' అనేది. అది అలవాటు కాదని బట్టల గదిలో కూర్చున్న మూటలమ్మకు తెలుసు. అందుకే ఈ మనిషి మీద ఇంత అసహ్యం పుట్టింది. పిల్లల ఏడుపు అంత నిజమైనది చేతికి దొరికితే, దాన్ని తీసుకెళ్ళి పోలీసు కాగితానికి అతికించాడు.

మూడో రోజు పుస్తకం చివరి పట్టిక చేరింది. తల్లికి దూరమైన పదిహేడు మంది, దూరమైన తేదీ, తిరిగి ఇల్లు చేరిన తేదీ. కింద ఒక చిన్న గమనిక: 'ఈ తేదీలు పిల్లల జ్వరాల ఆసుపత్రి దుస్తుల రిజిస్టరు నుంచి తీసుకున్నవి.'

మూటలమ్మ ఆ గమనిక రెండోసారి చదివింది. దుస్తుల రిజిస్టరు అంటే తన పుస్తకం. తన చేతిరాత. వేలు పెట్టి తేదీలు చూసింది. మార్చి మూడు. మార్చి అయిదు. మార్చి రెండు. మార్చి అయిదు. పదిహేడు మందిలో పద్నాలుగు మంది, ఏడు వేరు వేరు సంవత్సరాల్లో, మార్చి మొదటి వారంలోనే ఇల్లు చేరారు.

ఆ మార్చి ఏమిటో ప్రపంచంలో ఆవిడ ఒక్కదానికే తెలుసు.

ఆసుపత్రిలో నియమం ఒకటుండేది. పిల్లాడి ఒంటి మీద ఆసుపత్రి చొక్కా ఉన్నన్నాళ్ళూ వాడి ఇంటి బట్టల మూట అలమరలో ఉండాలి. మూట ఇచ్చి, చొక్కా తీసుకుని, రిజిస్టరులో ఎర్రగీత కొట్టాలి. మూట కదిలితేనే గీత. కానీ కొందరు తల్లులు మూట విప్పి చూసి నిలబడిపోయేవాళ్ళు. లోపల ఉన్నది మోచేతులు లేని చొక్కా, వెనకభాగం లేని లాగు. బయట వానగాలి. జ్వరం తగ్గిన పిల్లాడు ఆసుపత్రి చొక్కాలో వెచ్చగా ఉన్నాడు. అప్పుడు మూటలమ్మ కిటికీ వైపు తిరిగి ఏదో సర్దుతున్నట్టు నటించేది. ఇటు తిరిగేసరికి తల్లీ పిల్లాడూ చొక్కాతో సహా మెట్లు దిగిపోయేవాళ్ళు. ఇక పోయిన చొక్కాకు సమాధానం ఏమిటి? మూటను అలాగే అలమరలో ఉంచేది, గీత కొట్టేది కాదు. కాగితం మీద ఆ పిల్లాడు ఇంకా వార్డులోనే ఉన్నాడు, చొక్కా వాడి ఒంటి మీదే ఉంది. మార్చి మొదటి వారంలో చిరిగిన బట్టలు కాల్చడానికి తనిఖీ మనిషి వచ్చేవాడు. ఆ చిరుగుల్లో ఈ చొక్కాలు కూడా కలిపి చెప్పి, మూటలన్నీ మంటలో వేసి, ఆ తేదీతో ఎర్రగీతలు కొట్టేసేది.

తొమ్మిది రోజుల్లో ఇంటికెళ్ళిన పిల్లలు ఆచార్యుడి పుస్తకంలో ఏడు నెలలు, ఎనిమిది నెలలు తల్లులకు దూరమయ్యారు. ఆ మహానుభావుడు నాలుగు వందల పేజీల్లో కనిపెట్టిందల్లా ఒకటే: సరైన చొక్కా లేని పిల్లలు పెద్దయ్యాక దొంగతనంలో పట్టుబడతారని.

కూతురి మంచం పక్కన కూర్చుని అంతా చెప్పింది. సిగ్గుపడుతూ చెప్పింది, ముప్పై ఏళ్ళలో ఈ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు.

"అంటే నువ్వు దొంగ లెక్క రాశావా?" అంది కూతురు.

"చొక్కా లెక్క రాశాను. దాన్ని దొంగల లెక్క చేసింది ఆయన."

"అమ్మా, నువ్వు నన్ను పంపించడానికి ఏమైనా చెప్తావు. చిన్నప్పుడు సూది గుచ్చరు అని చెప్పి తీసుకెళ్ళేదానివి. ఆయనది అచ్చులో ఉంది. నీది నోటిమాట."

"అచ్చులో ఉంటే నిజమైపోతుందా?"

"ఆయన చేత ఒక్క ముక్క రాయించుకురా. 'ఈ లెక్క మీద అనుమానం ఉంది' అంటే చాలు. ఆ రోజే సంచి సర్దు, ఎక్కుతాను."

అది అయిదో తేదీ. ఆచార్యుడు వారానికి రెండు రోజులే మనుషులకు కనిపిస్తాడట. మిగతా రోజుల్లో మనుషుల గురించి రాస్తాడు కాబోలు. మొదటిసారి వెళ్తే సమావేశమన్నారు. ఎనిమిదో తేదీన రెండు గంటలు బల్ల మీద కూర్చున్నాక లోపలికి రానిచ్చారు.

గదిలో గోడ పొడుగునా అద్దాల బీరువా, దాన్నిండా పిల్లల బొమ్మలు. ఎలుగుబంటి, చెక్కగుర్రం, గుడ్డబొమ్మ. ఒక్కదానికీ చెవి ఊడలేదు, ఒక్కదానికీ మురికి లేదు. మూటలమ్మకు ఆ మనిషి సగం అక్కడే అర్థమైపోయాడు.

"మీ పుస్తకం చదివానండీ."

"సంతోషం." ఆచార్యుడు చేతిని గడ్డం కిందకు చేర్చాడు. "ఏ అధ్యాయం నచ్చింది?"

"వెనక పట్టిక. ఈ పదిహేడు మందిలో పద్నాలుగు మంది మార్చి మొదటి వారంలో ఇల్లు చేరారు. ఒక్క ఏడాది కాదు, ఏడేళ్ళు. మీకు విడ్డూరంగా అనిపించలేదా?"

"కాలం మారే రోజులు కదా. జ్వరాలు తగ్గుముఖం పడతాయి."

మూటలమ్మ ఆయన్ను తేరిపార చూసింది. అబద్ధం ఆడేవాళ్ళను చాలామందిని చూసింది గానీ, అబద్ధం అవసరమే లేనంత తృప్తిగా ఉన్నవాణ్ణి ఇదే చూడటం. తన ఉద్యోగం చెప్పింది. మూటలు, చొక్కాలు, ఎర్రగీతలు, అన్నీ చెప్పింది. ఆయన మధ్యలో ఒకసారి గడియారం చూసుకున్నాడు.

"అయితే మీరు ఆసుపత్రి రిజిస్టరులో తప్పుడు తేదీలు వేశారన్నమాట. ఇది చాలా తీవ్రమైన విషయం, చూడండమ్మా."

"తీవ్రమైనదే. నా తప్పు ఒక చొక్కా కోసం. పిల్లాడు తొడుక్కుని ఇంటికి వెళ్ళాడు. మీది దేనికోసమండీ?"

"మీకు సైన్సు పద్ధతి తెలియదు. ఒకటి రెండు వరసలు పోయినంత మాత్రాన సిద్ధాంతం కూలిపోదు."

"పదిహేడులో పద్నాలుగు పోతే మూడు మిగులుతాయి. అంతవరకూ నాకూ వచ్చు. ఆ ముగ్గురి మీద నాలుగు వందల పేజీలు నిలబెట్టండి, చూసి వెళ్తాను."

"పుస్తకం ఆరు ముద్రణలు పొందింది."

"ఎక్కువసార్లు అచ్చేస్తే అంకెలు సరిపడతాయా బాబూ?"

ఆయన గడ్డం కింద చెయ్యి తీసేశాడు. తల నిలబడే ఉంది. మూటలమ్మ గొంతు తగ్గించింది. పోట్లాడటానికి రాలేదని గుర్తొచ్చింది. "మా అమ్మాయి ఊపిరితిత్తి పాడవుతోందండీ. మీ పుస్తకం విని ఆసుపత్రికి వెళ్ళనంటోంది. ఎల్లుండి సాయంత్రం అయిదుకి దాని మంచం పోతుంది. 'ఈ లెక్క మళ్ళీ చూడాలి' అని ఒక్క ముక్క రాసివ్వండి. మీ పుస్తకాన్ని నేను ఎక్కడా ఏమీ అనను."

"వ్యక్తుల విషయంలో నేను సలహాలు ఇవ్వను. తర్వాతి ముద్రణలో పరిశీలిస్తాం. మంచం సంగతి ఆసుపత్రివాళ్ళతో మాట్లాడుకోండి."

మూటలమ్మ లేచింది. తలుపు దగ్గర ఆగి బీరువా వైపు చూసింది. "ఈ బొమ్మలతో ఎవరూ ఆడుకోరా?"

"అవి పరీక్ష కోసం."

"అదే అనుకున్నాను," అంది.

కాగితం లేకుండా ఇంటికొస్తే కూతురు మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది. అదే జవాబు. మూటలమ్మ ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. అప్పుడు తట్టింది ఆవిడకు. అచ్చుకు అచ్చే సమాధానం కావాలనుకుని తను అచ్చువేసినవాడి గుమ్మం ముందు పడిగాపులు కాసింది. తొమ్మిదో కేసుకు ఒక తల్లి ఉంది కదా, ఆమె దగ్గరికి వెళ్ళాలని ఎందుకు తోచలేదు? ఎడమచేతి వాటం, పెదవి మీద మచ్చ. మూట నంబరు రెండు వందల పన్నెండు. పసుపు చొక్కా, మూడు రకాల బొత్తాలు. మనుషుల మొహాలు మరిచిపోతుందేమో గానీ మూట మరిచిపోదు. చీటీ మీద చిరునామా తనే రాసింది: తోళ్ళ గోదాము వెనక సందు, మూడో మెట్లదారి.

తొమ్మిదో తేదీన వెళ్ళింది. గోదాము లేదు, సందు ఉంది. ఆ కుటుంబం ఇల్లు మారి పదేళ్ళయిందన్నారు. పదో తేదీన ఇంకో వీధి, అక్కణ్ణుంచి ఇంకో వీధి. నాలుగున్నరకు అలసిపోయి ఒక మెట్టు మీద కూర్చుంది. ఎక్కడో గడియారం అయిదు కొట్టింది. ప్రతి దెబ్బా లెక్కపెట్టింది, తప్పు విన్నానేమోనని.

ఆ సమయంలో ఇంట్లో కూతురు బుడ్డోణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉందని అల్లుడు తర్వాత చెప్పాడు. గంట కొట్టాక వాణ్ణి ముద్దు పెట్టుకుని, "ఇక ఎక్కడికీ వెళ్ళను" అందట.

తొమ్మిదో కేసు తల్లి పన్నెండో తేదీన దొరికింది. మూడంతస్తుల ఆఫీసులో మెట్లు కడుగుతోంది. సంగతి విని, గుడ్డ పిండుతున్నదల్లా ఆగిపోయి, "ఏడు నెలలా?" అని మెట్ల మీదే కూర్చుని పడీ పడీ నవ్వింది. "పదండి సిస్టరమ్మా. మీ అమ్మాయికి నేనే చెప్తా," అని బకెట్టు తలుపు వెనక దాచి వచ్చింది.

కూతురి మంచం పక్కన చేతులు ముడుచుకుని నిలబడింది. కూర్చోమంటే, "బట్టలు తడి" అంది.

"మావాడు ఆసుపత్రిలో ఉన్నది తొమ్మిది రోజులమ్మా. పదో రోజుకి ఇంట్లో పిల్లిని తరుముతున్నాడు. ఆ పసుపు చొక్కా ఎవడిక్కావాలి? ఈవిడ కిటికీలోకి చూస్తూ నిలబడింది. దేవత అనుకుని ఆసుపత్రి చొక్కాతోనే ఎత్తుకొచ్చేశా."

"మరి ఆ డాక్టరు మిమ్మల్ని అడగలేదా?" అంది కూతురు.

"ఎందుకడగలేదు? వాడు పట్టుబడ్డప్పుడు అడిగాడు. చిన్నప్పుడు ఎప్పుడైనా నిన్ను విడిచి ఉన్నాడా అన్నాడు. తొమ్మిది రోజులన్నా. ఆయన తన కాగితం చూసుకుని, 'కాదమ్మా, ఏడు నెలలు. నువ్వు మర్చిపోయావు' అన్నాడు. కన్నదాన్ని నాకు తెలియదా? కానీ బల్లకి అవతలున్నాడు, కోటు వేసుకున్నాడు. పిల్లాణ్ణి వదుల్తాడేమోనని సరే బాబూ, మర్చిపోయా అన్నా."

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న అల్లుడు లోపలికి వచ్చాడు.

"ఇంతకీ వాడేం దొంగతనం చేశాడు?" అన్నాడు అల్లుడు.

"బూట్లు. చలికాలంలో వట్టి కాళ్ళతో సరుకు మోసేవాడు. షాపు బయట కనబడ్డాయి, వేసుకున్నాడు. పశ్చాత్తాపం లేదా అని అడిగితే, 'సైజు సరిపోయింది' అన్నాడట వెధవ." ఆమె మళ్ళీ నవ్వింది. "ఇప్పుడు రైలు పెట్టెలకి రంగులేస్తాడు. నెలకోసారి వచ్చి నా కాళ్ళు ఎలా ఉన్నాయో చూసి వెళ్తాడు. ప్రేమ లేదట! ఆ పెద్దాయన కాళ్ళు ఎవరైనా చూస్తారో లేదో."

కూతురు కూడా నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు, రుమాలు తీసేసరికి ఎర్రటి మచ్చ కనిపించింది. ఆ మచ్చను చూస్తూ, "అమ్మా, సంచి సర్దు," అంది.

సర్దింది. ఉత్తరం రాశారు, టెలిగ్రామ్ ఇచ్చారు, అల్లుడు స్వయంగా కొండెక్కి బతిమాలాడు. ఆ మంచం మీద పదకొండో తేదీనే ఇంకెవరో పడుకున్నారు. పేరు వరస చివర రాసుకున్నారు. సంచి తలుపు పక్కనే ఉండిపోయింది. వేసవి గడిచింది, వానలు గడిచాయి. మూటలమ్మ నెలకోసారి బట్టలు తీసి, ఎండలో వేసి, మళ్ళీ అదే మడతల్లో పెట్టేది. పాత మంచం నంబరున్న నాడా ముక్కలు విప్పేసింది. కొత్త నంబరు రాయడానికి లేదు.

నవంబరు రెండున మంచం దొరికింది. బస్సు ఎక్కేటప్పుడు బుడ్డోడు ఏడ్చాడు. మూడు రోజులు ఏడ్చాడు. నాలుగో రోజు ఊరుకున్నాడు. మూటలమ్మ వాణ్ణి ఊరుకోనివ్వకుండా రోజూ అమ్మ ఫోటో చూపించి, అమ్మ గురించి చెప్పి, కావాలని ఏడిపించేది. ఏడిస్తే ఊపిరి పీల్చుకునేది.

కొండ మీది డాక్టరు ఎక్స్‌రే ఫోటో ఎత్తి వెలుతురుకు పట్టుకుని అల్లుడితో అన్నాడట: "ఏప్రిల్‌లో ఒక్క వైపే ఉండేది. ఇప్పుడు రెండో వైపు కూడా." ఆపరేషన్ మాట ఎత్తలేదు.

డిసెంబరులో సలహాల నర్సు తూకం యంత్రంతో వచ్చింది. ఇప్పుడు ఆవిడ దగ్గర కొత్త ఫారం ఉంది. "తల్లికి దూరంగా ఎన్ని నెలలు?" అని కలం పట్టుకుని అడిగింది.

"ఎవరికోసం ఈ లెక్క?"

"ఆచార్యులవారి కొత్త పరిశోధనకి."

"రాసుకోండి. నెలా పదిహేను రోజులు. కారణం అనే గడి ఉందా?"

"లేదండీ."

"ఉండదు," అంది మూటలమ్మ. "ఉంటే అందులో ఆయన పేరు రాసేదాన్ని."

కొత్త సంవత్సరంలో గ్రంథాలయానికి ఏడో ముద్రణ వచ్చింది. మూటలమ్మ నిలబడే వెనక పట్టిక తిరగేసింది. పదిహేడు మందీ ఉన్నారు. తొమ్మిదో కేసు ఏడు నెలలూ అలాగే ఉన్నాయి. కింద రిజిస్టరు గురించిన చిన్న గమనిక మాత్రం తీసేశారు. పరిశీలిస్తానన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆవిడ పుస్తకాన్ని అలమరలో తలకిందులుగా పెట్టి వచ్చేసింది.

సంచి మార్చిలో తిరిగొచ్చింది. ఆరు జతలూ ఉన్నాయి. రెండు జతలు మడత కూడా విప్పలేదు. సర్దినవాళ్ళకు సర్దడం రాదు, బరువైనవి పైన పెట్టారు. బుడ్డోడు వచ్చి అందులో ఎక్కి కూర్చోబోయాడు. ఇప్పుడు పట్టలేదు.

కూతురు తిరిగి రాలేదు. ఫిబ్రవరి పదిహేడు, బుధవారం, ఉదయం ఆరుంపావు.